జదాన్ వంపు

ఘూలా కనుమలో మొత్తం పదకొండు వంపులున్నాయి. పదింటికి పేర్లు లేవు. ఏడో దానికి మాత్రం ఉంది — జదాన్ వంపు.

ఎడారి పట్టణం మఆన్ నుంచి అఖబా రేవుకి ఫాస్ఫేట్ పొడి మోసే లారీవాళ్ళని ఎవర్నడిగినా ఆ పేరు నోటితో పలకరు. "ఆ చోటు" అంటారు, అని వెంటనే మాట మార్చేస్తారు. రెండేళ్ళ కిందట జదాన్ అనే డ్రైవరు నలభై టన్నుల సరుకుతో సహా అక్కణ్ణుంచి లోయలోకి పోయాడు. ఏడాది తిరక్కుండా అదే వంపులో మరో ఇద్దరు పోయారు. ముగ్గురి సంగతీ ఒకటే... పైనుంచి చూసేవాళ్ళకి బండి దీపాలు వంపు దాకా కనిపిస్తాయి. వంపులో ఆరిపోతాయి. మళ్ళీ వెలగవు.

చావు తప్పి బయటపడినవాళ్ళూ నలుగురైదుగురున్నారు. వాళ్ళు చెప్పేదీ అదే. స్టీరింగు ముందున్న మీటర్లన్నీ ఒక్కసారిగా చీకటైపోతాయట. ఇంజను బ్రేకు పట్టు వదిలేస్తుందట. వెనకనుంచి ఎవరో తోస్తున్నట్టు బండి కిందికి ఉరుకుతుందట. కొందరికి దారి మధ్యలో మనిషి కూడా కనిపించాడు — చేతిలో దీపం. పేరు పెట్టి పిలుస్తాడు. తెలిసినవాళ్ళ గొంతుతోనే పిలుస్తాడు.

జదాన్‌కి ఒంటరిగా తోచడం లేదు, తోడు వెతుక్కుంటున్నాడు అన్నారు జనం. అందుకని కొన్ని కట్టుబాట్లు పుట్టాయి. పిలిస్తే పలక్కూడదు. బండి ఆపకూడదు. మూడుసార్లు హారన్ కొట్టి, కిటికీలోంచి సీసాడు నీళ్ళు పారబోసి, అద్దం ఎత్తేసుకుని పోవాలి. ఎంత చదువుకున్న డ్రైవరైనా సరే, ఆ వంపు దగ్గరికొచ్చేసరికి సీసా మూత తీసి పట్టుకునేవాడు.

ఈ మాటలు విని లోలోపల కుమిలిపోయినవాడు ఒక్కడే. జదాన్ అన్న, అబూ ఫెందీ.

ఆయన కూడా ఆ దారిలోనే లారీ నడుపుతాడు. మొన్న గురువారం రాత్రి ఏడో వంపులో ఆయన బండి దీపాలూ ఆరిపోయాయి. ముప్పై ఏళ్ళ అనుభవం, పైగా నత్తనడకన దిగే అలవాటు — అందుకే బతికాడు. తెల్లారి బండిని తిన్నగా మఆన్‌లో ఔదా షెడ్డుకి తెచ్చి నిలబెట్టాడు.

లారీల కరెంటు పని, పొగ పని తెలిసినవాడంటే ఆ చుట్టుపక్కల ఔదా ఒక్కడే. యాభై దాటిన మనిషి, నోరు కాస్త దురుసు, చెయ్యి మాత్రం చురుకు. ఔదా చెయ్యి పడిన బండికి ఎర్రదీపం వెలగదని పేరు. ఆ పేరు చూసుకుని ఆయన కొంచెం మురిసిపోయేవాడు కూడా.

"మీ డ్రైవర్లకి దెయ్యం కావాలయ్యా," అన్నాడు ఔదా, ల్యాప్‌టాప్ తీగ బండికి తగిలిస్తూ. "కునుకు తీశానని ఇంట్లో చెప్పుకోలేరు కదా మరి."

"నేను కునుకు తియ్యలేదు."

"అందరూ అదే అంటారు."

అబూ ఫెందీ నవ్వలేదు. పీట మీద కూర్చుని చేతులకేసి చూసుకున్నాడు.

"నా తమ్ముడు బతికుండగా ఎవణ్ణీ కసిరిన పాపాన పోలేదు, ఔదా. చచ్చాక వాణ్ణి మనుషుల్ని మింగేవాణ్ణి చేశారు. వాడి కొడుకు సత్తామ్ కూడా ఆ వంపులో మూడు హారన్లు కొట్టి పోతున్నాడు. కన్నతండ్రికి... దెయ్యానికి కొట్టినట్టు."

ఔదా తెర మీంచి తల ఎత్తాడు.

"అది జదానో, తీగో తేల్చి చెప్పు. జదానే అయితే ఈ బండీ అమ్మేస్తాను, సత్తామ్ బండీ అమ్మించేస్తాను. తీగైతే నలుగురిలో నిలబడి నువ్వే చెప్పాలి. నీ మాటైతే వింటారు. నా తమ్ముడి పేరు మీద ఆ మచ్చ తుడిచెయ్యాలి."

"తీగే," అన్నాడు ఔదా. "నూటికి నూరుపాళ్ళు తీగే. రేపటికల్లా చెప్పేస్తా."

రేపటికి చెప్పలేకపోయాడు. బ్యాటరీ బిగింపులు చూశాడు, గట్టిగా ఉన్నాయి. ఫ్యూజులు చూశాడు, ఒక్కటీ పోలేదు. ఛార్జింగు సరిగ్గానే ఉంది. ల్యాప్‌టాప్‌లో మాత్రం ఒకటే తప్పు పదేపదే రాసి ఉంది — ఇంజను కంప్యూటరు, బ్రేకు కంప్యూటరు ఒకదానితో ఒకటి మాట్లాడ్డం మానేశాయి. కాసేపే. మళ్ళీ మాట్లాడుకున్నాయి.

"కంప్యూటర్లు కూడా అలుగుతాయా?" అన్నాడు అబూ ఫెందీ.

"మా ఆవిడ కంటే ఎక్కువ. ఎందుకు అలిగాయో మాత్రం చెప్పవు, అక్కడా ఇక్కడా అంతే." ఔదా ల్యాప్‌టాప్ మూత మూసేశాడు. "షెడ్డులో నిలబెడితే ఈ రోగం బయటపడదు. రోగం వచ్చేచోటే నాడి పట్టుకోవాలి. ఇవాళ నేనూ వస్తా."

పగలు ఆ దిగుడులో బ్రేకులు కాగిపోతాయని సరుకు బళ్ళన్నీ రాత్రే దిగుతాయి. ఇద్దరూ సరుకెత్తుకుని కనుమ మీదికి చేరేసరికి పదకొండు దాటింది. అక్కడ టీ కొట్టు దగ్గర సత్తామ్ తన బండితో ముందే ఉన్నాడు. ఇరవైరెండేళ్ళ కుర్రాడు. తండ్రి పోయాక చదువు మానేసి స్టీరింగు పట్టాడు.

సేజ్ ఆకు వేసిన టీ తాగుతూ ఔదా అక్కడున్నవాళ్ళందర్నీ తిరగేసి మరగేసి అడిగాడు. ఏ బండి, ఏ ఏడాదిది, ఎక్కడ కొన్నది. అడిగేకొద్దీ ఆయనకి నవ్వొచ్చింది. పాతికేళ్ళ పాత బళ్ళని ఆ దెయ్యం ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. కంప్యూటర్లున్న యూరప్ బళ్ళనే పట్టుకుంది.

"మీ దెయ్యానికి సీమ సరుకంటే మోజు," అన్నాడు. అందరూ నవ్వారు. సత్తామ్ నవ్వలేదు. తన తండ్రి గురించే కదా మాట.

"మీరు ముందు పదండి పెదనాన్నా," అన్నాడు అబూ ఫెందీతో. "వెనక టైరుకి గాలి తక్కువుంది. పట్టించుకుని అరగంటలో వచ్చేస్తా."

"అబ్బాయ్... నీళ్ళు పోస్తావా అక్కడ?" అన్నాడు అబూ ఫెందీ మెల్లగా.

సత్తామ్ తల దించుకున్నాడు. "నాన్నకి దాహం వేస్తుందేమోనని పోస్తాను పెదనాన్నా. భయంతో కాదు." కాసేపాగి, "భయంతో కూడా," అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ యూరప్ బళ్ళకి పొగ శుభ్రం చెయ్యడానికి ఒక యూరియా నీళ్ళ ట్యాంకు ఉంటుంది. ఆ నీళ్ళు అయిపోయినా, పాడైనా కంప్యూటరు ఊరుకోదు. ఎర్రదీపం వెలిగించి, ఇంజను సత్తువ సగానికి కోసేస్తుంది. ఎడారిలో ఆ నీళ్ళు దొరకవు, దొరికినా ఎండకి విరిగిపోతాయి. అందుకని మఆన్‌లో ఒక చిట్కా ఉంది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా ఒకటి తీగల మధ్య కట్టేస్తారు. నీళ్ళున్నాయి, పొగ శుభ్రంగా ఉంది అని అది ఇంజనుకి రేయింబవళ్ళు చెబుతూ ఉంటుంది. షెడ్డువాళ్ళు దాన్ని కద్దాబ్ అంటారు. అంటే అబద్ధాలకోరు. మఆన్‌లో కద్దాబ్ కట్టడంలో ఔదాని మించినవాడు లేడు.

బండి దిగుడులో పడింది.

ఔదా ఒళ్ళో ల్యాప్‌టాప్. అద్దం బయట ఏమీ లేదు, ఒక పక్క రాయి, ఒక పక్క చీకటి. తెర మీద అంకెలు మారుతున్నాయి — వేగం, వేడి, బ్రేకు గాలి. ఒక్క అంకె మాత్రం మారడం లేదు. పొగ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే అంకె. అది కద్దాబ్ చెప్పే అంకె. ఎక్కుడులోనూ అదే, దిగుడులోనూ అదే.

నాలుగో వంపు... ఐదు...

ఆరో వంపులో ఆ అంకె ఒక్కసారి వణికింది.

ఔదా ముందుకి వంగాడు. ఆ అంకె వణకడానికి వీల్లేదు. తను కట్టిన డబ్బా చెప్పే మాట అది.

"మెల్లగా పోనియ్," అన్నాడు.

"ఇంతకంటే మెల్లగా అంటే దిగి నడవాలి," అన్నాడు అబూ ఫెందీ.

ఏడో వంపు వచ్చింది. వరద కోసేసిన గాడి ఒకటి అక్కడ రోడ్డుకి అడ్డంగా ఉంది. ఎడమ చక్రం అందులోకి దిగింది. బండి ఒళ్ళంతా మెలి తిరిగి కిర్రుమంది —

దీపాలు ఆరిపోయాయి.

ముందున్న రోడ్డు లేదు. మీటర్లు లేవు. ఇంజను బ్రేకు గుర్రు ఠక్కున ఆగిపోయింది... ఆ తర్వాత బండి తేలికైనట్టు తేలింది. కిందికి జారడం మొదలెట్టింది.

చీకట్లో అబూ ఫెందీ గొణగడం వినిపించింది.

"జదాన్... నేనురా. మీ అన్నని. వదిలెయ్యరా నాయనా..."

ఆ క్షణాన ఔదా, ముప్పై ఏళ్ళు తీగలతో బతికిన మనిషి, బండి వెనక ఎవరో ఉన్నారని నమ్మాడు. నిజంగా నమ్మాడు. వీపు మీద చల్లగా ఎవరి ఊపిరో తగిలినట్టయింది.

అబూ ఫెందీ కాలి బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. స్టీరింగు కొండ వైపు తిప్పేశాడు. గాడి పూడ్చడానికి రోడ్డువాళ్ళు ఎప్పుడో పోసి వదిలేసిన కంకర కుప్ప అక్కడ ఉందని ఆయనకి తెలుసు. చక్రాలు కంకరలో దిగబడ్డాయి. బండి మూలిగి ఆగింది.

కాలిన బ్రేకుల వాసన వచ్చింది.

ఔదా టార్చి తీసుకుని దిగాడు. బండి కింద దూరాడు. ఫ్రేము పట్టీ వెంట, యూరియా ట్యాంకు పక్కగా, తీగల్ని వేలితో తడుముకుంటూ పోయాడు... ఒకచోట వేలు ఆగింది.

నల్ల టేపు. దాని కింద మెలేసి కలిపిన తీగలు, మూడు మెలికలు. టంకం లేదు. టంకం వెయ్యడానికి గంట పడుతుంది, మెలెయ్యడానికి నిమిషం చాలు. పొగగొట్టం వేడికి టేపు పొడిపొడిగా రాలిపోయింది. బండి మెలి తిరిగినప్పుడల్లా బయటపడ్డ రాగి ఫ్రేము అంచుకి రాసుకుంటోంది. రాసుకున్నప్పుడల్లా కంప్యూటర్లన్నీ మూగబోతున్నాయి. డబ్బాకి కావలసిన కరెంటు దగ్గరగా ఉందని దీపాల తీగ నుంచే లాగారు, అందుకని దీపాలూ పోతున్నాయి.

దర్జీకి తన కుట్టు తెలిసినట్టు ఆయనకి ఆ మెలికలు తెలిశాయి. అవి తనవే.

బండి కింద పడుకునే ఒక్కొక్కటీ గుర్తు చేసుకున్నాడు. లోయలో పోయిన ఆ ఇద్దరి బళ్ళకీ తనే కట్టాడు. జదాన్ బండికైతే అందరికంటే ముందు కట్టాడు. అప్పుడే కొత్తగా నేర్చుకున్నాడు. సరిగ్గా పనిచేస్తుందో లేదో చూద్దామని కట్టాడు.

"ఏమైనా దొరికిందా?" అబూ ఫెందీ వంగి చూస్తున్నాడు.

ఔదా బయటికి వచ్చాడు.

"తీగే."

"జదాన్ కాదా?"

"కాదు."

అబూ ఫెందీ రోడ్డు మీద చతికిలబడిపోయాడు. అరవై ఏళ్ళ మనిషి, తలపాగా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. "నాకు తెలుసు... నాకు తెలుసు వాడు కాదని..." అంటూ అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు.

చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని అడిగాడు. "ఏ తీగ?"

చెప్పెయ్యాల్సింది అప్పుడే. నాలిక చివరిదాకా వచ్చింది. కానీ మఆన్‌లో నెత్తురు కారితే నెత్తురుతోనే తీరుస్తారు, ఆ లెక్క మనిషితో ఆగదు, ఇంటి గడపదాకా వస్తుంది. ఔదాకి ముగ్గురు కొడుకులు.

"కంపెనీ తీగే," అన్నాడు. "ఎండకి పాడైంది. యూరప్ వాడికి మన ఎండ ఏం తెలుసు?"

అబూ ఫెందీ తలూపాడు. "దేవుడు నీకు మేలు చెయ్యాలి, ఔదా. రేపు ఈ మాటే అందరిలో చెప్పు."

అంతలో పైన, మొదటి వంపు దగ్గర, రెండు దీపాలు కనిపించాయి.

సత్తామ్.

తండ్రి లేని పిల్లాడని, ఆ బండికి కద్దాబ్ ఔదాయే పైసా తీసుకోకుండా కట్టాడు. అవే మూడు మెలికలు.

ఫోను తీశాడు. లోయలో సిగ్నలు లేదు. టార్చి పట్టుకుని ఎక్కుడు దారిలో పరిగెత్తాడు.

"ఎక్కడికి?" అన్నాడు వెనకనుంచి అబూ ఫెందీ.

"వాణ్ణి ఆపాలి."

"ఎందుకు? వాడి బండికేమైంది?"

ఔదా వెనక్కి కూడా చూడలేదు.

వంపు దాటి, గాడి దాటి, రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. ఊపిరి అందడం లేదు. ఇంజను బ్రేకు గుర్రు దగ్గరవుతోంది... నాలుగో వంపు... ఐదు... టార్చి పైకెత్తి అటూ ఇటూ ఊపాడు. ఆరో వంపు తిరిగి వెలుగు ఆయన మీద పడింది.

"సత్తామ్!" అని అరిచాడు. "సత్తామ్... ఆపరా... నేనురా..."

అరుస్తూ ఉండగానే, తనెక్కడ నిలబడ్డాడో, చేతిలో ఏముందో, ఏమని పిలుస్తున్నాడో ఆయనకి తెలిసొచ్చింది.

హారన్ మోగింది. ఒకటి... రెండు... మూడు.

బండి ఆగలేదు. ఇంకాస్త వేగం అందుకుంది. ఔదా పక్కకి దూకాడు. కిటికీ తన ముఖానికి జానెడు దూరంలోంచి పోయింది. మీటర్ల వెలుగులో సత్తామ్ ముఖం కనిపించింది, పాలిపోయి, కళ్ళు ఇంతలేసి చేసుకుని. కిటికీలోంచి నీళ్ళు ఔదా ముఖాన పడ్డాయి.

చక్రం గాడిలో పడింది. బండి కిర్రుమంది.

దీపాలు ఆరిపోయాయి.

ఆ తర్వాత ఇనుము రాతికి రాసుకునే చప్పుడు వచ్చింది. చాలాసేపు వచ్చింది. ఔదా చెవులు మూసుకున్నాడు. చప్పుడు ఆగాక కూడా చేతులు తియ్యలేదు... చివరికి తీసి, కిందికి పరిగెత్తాడు.

బండి లోయలో పడలేదు. కొండ రాతికి రాసుకుంటూ పోయి, అబూ ఫెందీ బండి వెనకే, కంకర కుప్ప ఇవతలి చివర ముక్కు దూర్చి ఆగింది. సత్తామ్ రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు. నుదురు చిట్లి రక్తం కారుతోంది. అబూ ఫెందీ వాణ్ణి పొదివి పట్టుకున్నాడు. ఔదా నాలుగడుగుల దూరంలో చీకట్లో ఆగిపోయాడు.

"చూశాను పెదనాన్నా," అంటున్నాడు సత్తామ్, పళ్ళు టకటకలాడుతుండగా. "రోడ్డు మధ్యలో ఉన్నాడు. చేతిలో దీపం. నన్ను పేరు పెట్టి పిలిచాడు. నాన్నేమో... ఒక్కసారి చూద్దామని అద్దం పూర్తిగా దించాను..."

"మీ నాన్న కాదురా."

"కాదు పెదనాన్నా. నాన్న కాదు." వాడి ఏడుపులో ఏదో తేలిక ఉంది. "నాన్న కానే కాదు. మేస్త్రీ ఔదా ముఖం వేసుకుని వచ్చింది. ఆయన గొంతే."

అబూ ఫెందీ వాడి తల నిమురుతున్న చెయ్యి ఆగింది. మెల్లగా చీకట్లోకి చూశాడు.

ఔదా ముందుకి వచ్చాడు. ముఖం మీదినుంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి.

"నేనేరా అబ్బాయ్," అన్నాడు. "నిన్ను ఆపుదామనే వచ్చాను."

సత్తామ్ వెనక్కి జరిగాడు. ఇంకా నమ్మకం కుదరలేదు వాడికి.

అబూ ఫెందీ లేచి నిలబడ్డాడు. ఆయన గొంతు మామూలుగానే ఉంది, టీ కొట్టు దగ్గర ఉన్నంత మామూలుగా.

"నా బండిలో పాడైంది కంపెనీ తీగ అన్నావు."

ఔదా ముఖం మీది నీళ్ళు తుడుచుకున్నాడు.

"మరి వీడి బండి దీపాలు ఆరిపోతాయని నీకెలా తెలిసింది?"

ఇంజన్లు చల్లారుతూ టిక్కు టిక్కుమంటున్నాయి. లోయలోంచి గాలి వచ్చింది.

"డబ్బా," అన్నాడు ఔదా. "నేను కట్టిన డబ్బా. నీదీ, వీడిదీ..." ఇక చెప్పకుండా ఆగిపోదామనుకున్నాడు. ఆగలేకపోయాడు. "అందరికంటే ముందు జదాన్‌ది."

అబూ ఫెందీ దగ్గరికి వచ్చి, ఔదా చేతిలోంచి టార్చి తీసుకున్నాడు. దాన్ని ఆయన ముఖం మీదికి ఎత్తి, ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూశాడు.

"సత్తామ్," అన్నాడు, తల తిప్పకుండానే. "నువ్వు కిందికి నడువు నాన్నా. వెనక్కి చూడకు."

కుర్రాడి అడుగుల చప్పుడు వంపు తిరిగేదాకా ఆగి, టార్చి ఆర్పేశాడు.